రసాయనాలు మానాలంటే ముందు ఏది మానాలి? పురుగుమందు, యూరియా, బోరు నీళ్ల లెక్కలు

క్లుప్తంగా

రసాయన సేద్యం నుంచి బయటపడాలన్న చర్చలో పురుగుమందులు, ఎరువులు, భూగర్భ జలం మూడింటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఇవి మూడూ వేర్వేరు కారణాల వల్ల అలవాటయ్యాయి, వదిలించుకునే తీరు కూడా వేరు. పురుగుమందుల అవసరంలో చాలా భాగం ఆ మందులు తెచ్చిపెట్టిందే కాబట్టి దాన్ని త్వరగా తగ్గించవచ్చు. నత్రజని లోటు నిజమైన లోటు, అది పూడటానికి ఏళ్లు పడుతుంది. నీరు ఏ ఒక్క రైతు చేతిలోనూ లేదు. ఈ తేడా పట్టించుకున్న చోట మార్పు నిలబడింది, పట్టించుకోని చోట బెడిసికొట్టింది.

యూరియా వరుసల వెనుక

2025 వానాకాలం సీజన్‌లో తెలంగాణలో తెల్లవారకముందే సొసైటీల ముందు రైతులు బారులు తీరారు. గంటల తరబడి నిలబడలేక చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టిన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ చాలా చోట్ల ఇదే పరిస్థితి. దిగుమతులు అనుకున్నంత రాలేదు, రామగుండం కర్మాగారంలో ఉత్పత్తికి అంతరాయాలు కలిగాయి. కొరతకు ఇవి ప్రధాన కారణాలు.

అప్పుడు రెండు వాదనలు గట్టిగా వినిపించాయి. సరఫరా పెంచితే చాలన్నది ఒకటి. రసాయనాలు వాడని ప్రకృతి సేద్యానికి మారిపోతే ఈ క్యూలే ఉండవన్నది రెండోది. మొదటి వాదన నేల, నీరు, వాతావరణం మీద పడుతున్న భారాన్ని పక్కన పెట్టేస్తుంది. రెండోది ఆ బస్తాలో ఉన్న నత్రజని ఇకపై ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నను దాటేస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ప్రకృతి సేద్యం గురించి ఎంత మాట్లాడుకున్నా ప్రయోజనం లేదు.

పొట్టి వరితో మారిన లెక్క

అక్కుళ్లు, మొలగొలుకులు లాంటి పాత వరి రకాలు పొడుగ్గా పెరుగుతాయి. నత్రజని ఎక్కువైతే ఇంకా ఏపుగా ఎదిగి, గింజ బరువుకు పడిపోతాయి. అందుకే వాటికి ఎరువు వేసినా పెద్దగా లాభం ఉండేది కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్‌8 పొట్టి రకం. వేసిన ఎరువును గడ్డికి బదులు గింజకు మళ్లిస్తుంది, పడిపోదు. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఈ రకాన్ని పండించి చూపించాక డెల్టా రైతుల నమ్మకం మారింది. తర్వాత మారుటేరు నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి సాంబమసూరి వచ్చాయి. ఆకలి తగ్గడంలో ఈ రకాల పాత్రను తక్కువ చేసి చూడటం కుదరదు.

అయితే పొట్టి వరి ఒంటరిగా రాలేదు. దానికి ఎరువు కావాలి, ఎరువు పని చేయాలంటే నీరు సమయానికి ఉండాలి, నత్రజని తిని లేతగా పచ్చగా ఉన్న చేను మీదికి పురుగు వస్తుంది కాబట్టి మందు కావాలి. అదే కాలంలో ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి, వాటితో పాటే పెంటకుప్పలూ పోయాయి. కోత మిషను వచ్చాక గడ్డి చేలోనే మిగిలి, చాలా చోట్ల మంటల పాలవుతోంది. వరి మొక్క నేల నుంచి తీసుకున్న పొటాష్‌లో దాదాపు 80 శాతం గడ్డిలోనే ఉంటుంది. నేల నుంచి వచ్చినది తిరిగి నేలకు చేరే దారులు ఇలా ఒక్కొక్కటిగా మూసుకుపోయి, ఆ ఖాళీలోకి బస్తాలు, డబ్బాలు వచ్చాయి.

ఇప్పుడు వెనక్కి నడవాలంటే ఈ గొలుసులో ఏ లింకు ముందు వదులుతుందో చూసుకోవాలి.

పురుగుమందు: తన అవసరాన్ని తానే పెంచుకునే సరుకు

వరిలో దోమపోటును దగ్గరగా చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సుడిదోమ ఆకు మీద కనిపించదు. దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన, గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూసే రైతుకు చేను పచ్చగానే ఉంటుంది. కొన్నాళ్లకు అక్కడక్కడా సుడులు సుడులుగా ఎండిపోయి కనిపిస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. ఈ దోమను సాలీళ్లు, మిరిడ్ నల్లులు తింటాయి. ముందుగానే ఏదో ఒక మందు కొట్టిన చేలో మొదట చచ్చేది ఆ సాలీళ్లే. దోమ గుడ్లు ఆకు తొడిమ లోపల భద్రంగా ఉంటాయి. పది రోజుల్లో అవి పొదిగి బయటికి వచ్చేసరికి తినేవాళ్లెవరూ ఉండరు. రెండో మందు, ఆ తర్వాత మూడో మందు అలా వస్తాయి. యూరియా ఎక్కువ పడిన చేలో దోమ మరీ త్వరగా పెరుగుతుంది.

ఇండోనేషియాకు ఇది దేశం మొత్తం మీద అనుభవమైంది. ప్రభుత్వమే భారీ సబ్సిడీతో పురుగుమందులు పంచింది. 1984లో బియ్యంలో స్వయం సమృద్ధి సాధించినట్టు ప్రకటించుకున్న దేశాన్ని వెంటనే దోమపోటు చుట్టుముట్టింది. 1986లో అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఉత్తర్వుతో వరిలో 57 రకాల మందులను నిషేధించారు. తర్వాతి రెండు మూడేళ్లలో సబ్సిడీని కూడా ఎత్తేశారు. మందుల వాడకం బాగా తగ్గింది, బియ్యం దిగుబడి మాత్రం పడిపోలేదు. 1989 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులకు పొలంలోనే పాఠాలు మొదలయ్యాయి. ఏ పురుగు మిత్రుడో, ఏది శత్రువో వారానికోసారి చేలో దిగి లెక్కపెట్టించడం ఆ పాఠాల పద్ధతి. మన దగ్గర పొలంబడి పేరుతో నడిచిందీ అదే.

తెలుగు నేల మీద ఈ పాఠం పత్తి చేలో మొదలైంది. 1997-98లో వరంగల్ జిల్లాలో పురుగు పత్తిని తినేసింది. ఎన్ని మందులు కలిపి కొట్టినా చావని దశకు అప్పటికే పురుగు చేరుకుంది. పంట పోయి, మందుల షాపు అప్పులు మిగిలి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి. ఆ తర్వాతి ఏళ్లలో కొన్ని స్వచ్ఛంద సంస్థలు పురుగుమందులు లేని సస్యరక్షణను గ్రామాల్లోకి తీసుకెళ్లాయి. వేప కషాయం, గట్ల మీద ఎర పంటగా ఆముదం, మధ్యమధ్య బంతి, మగ పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు, పిట్టలు వాలడానికి పాతిన పుల్లలు: ఇందులో కొత్తగా కనిపెట్టింది పెద్దగా ఏమీ లేదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2003లో తమ ఊరు పురుగుమందులు వాడదని ప్రకటించుకుంది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా దీన్ని వేల గ్రామాలకు విస్తరించింది.

ఇక్కడ గమనించాల్సింది వేగం. పురుగుమందు మానేస్తే చేలో మిత్ర పురుగులు ఒకటి రెండు సీజన్లలోనే తిరిగి వస్తాయి. ఖర్చు తగ్గడం మొదటి ఏడాదే కనిపిస్తుంది. ఈ ముడి ముందుగా వదులుతుందని అనడానికి ఆధారం ఇదే.

ప్రతి పురుగుకూ ఇది సరిపోతుందని మాత్రం చెప్పలేం. 2021-22లో ఖమ్మం, వరంగల్, గుంటూరు ప్రాంతాల్లో మిరప తోటలను నల్ల తామర పురుగు ఊడ్చేసింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఆ పురుగును అదుపు చేసే సహజ శత్రువులు ఇక్కడి చేలల్లో తగినన్ని లేవు. పువ్వులో దాక్కుంటుంది కాబట్టి మందుకూ సరిగా దొరకలేదు. వేల ఎకరాల్లో రైతులు తోటలే పీకేశారు. బయటి నుంచి ఊడిపడే పురుగు విషయంలో కషాయమైనా డబ్బా మందైనా మొదటి ఏడాది చేతులెత్తేయడం మామూలే.

నత్రజని: లెక్క తప్పించుకోలేని చోటు

ఎరువు సంగతి వేరు. పురుగుమందు ఏదో ఒకదాన్ని చంపడానికి వాడేది. నత్రజని మొక్క ఒంట్లోకి వెళ్లి గింజగా మారి ఊరు దాటి పోయేది. పోయినంతా ఏదో ఒక దారిలో తిరిగి రావాలి.

ఎకరాకు రెండు టన్నుల వడ్లు, అంటే 75 కిలోల బస్తాల్లో 27 దాకా పండాలంటే మొక్క సుమారు 30 నుంచి 40 కిలోల నత్రజని తీసుకోవాలి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. ఇప్పుడు ప్రకృతి సేద్యంలో ఎరువుకు బదులు నేలకు పోసే ద్రావణం, జీవామృతం సంగతి చూద్దాం. ఎకరాకు 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలుపుతారు. పేడలో నత్రజని అర శాతం మించదు, మూత్రంలో ఒక శాతం, పిండిలో నాలుగు శాతం అనుకున్నా మొత్తం కలిపి పావు కిలో. సీజన్‌లో ఆరుసార్లు పోసినా కిలోన్నర.

జీవామృతాన్ని సమర్థించేవారికి ఈ లెక్క తెలియనిది కాదు. అది ఎరువు కాదు, నేలలో సూక్ష్మజీవులను పెంచడానికి వేసేది, పాలకు వేసే తోడు లాంటిదని వారంటారు. మాట సబబే. కానీ తోడు వేయడానికి గిన్నెలో పాలు ఉండాలి. నేలలో సేంద్రియ పదార్థం, మీద ఆచ్ఛాదన (నేలను కప్పే గడ్డీగాదం), పంటల్లో పప్పుజాతి మొక్కలు లేకపోతే ఎన్ని డ్రమ్ములు పోసినా తోడుకునేదేమీ ఉండదు. ఎర్రనేలల్లో, చెల్కల్లో సేంద్రియ కర్బనం అర శాతం కంటే తక్కువున్న పొలాలు కొల్లలు.

కాబట్టి ప్రకృతి సేద్యంలో అసలు బరువు మోసేవి పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట, గాల్లోని నత్రజనిని నేలకు చేర్చే పప్పుజాతి పంటలు. పూత దశలో కలియదున్నిన జీలుగ ఎకరాకు 25 కిలోల దాకా నత్రజని ఇవ్వగలదు, అంటే ఒక యూరియా బస్తాకు పైనే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపే ప్రకృతి సేద్య కార్యక్రమంలో 2018 నుంచి ప్రాచుర్యంలోకి వచ్చిన నవధాన్యాల పద్ధతి ఈ దారిలోదే. వేసవి చివర్లో, వానల కంటే ముందే, రకరకాల విత్తనాలను మట్టి పూత పూసి పొడి నేలలో చల్లేస్తారు. కొద్దిపాటి జల్లుకే మొలిచి నేలను కప్పేస్తాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు నేల మీద పచ్చదనం, నేలలో సజీవమైన వేరు ఉండాలన్నది దీని ఉద్దేశం. జీవామృతానికి వచ్చినంత పేరు దీనికి రాలేదు. ఫలితంలో మాత్రం దీని వాటాయే ఎక్కువని అనుకోవడానికి పై లెక్కే ఆధారం.

శాస్త్రవేత్తల మధ్య వివాదం ఇంకా తీరలేదు. పెట్టుబడి లేని ప్రకృతి సేద్యానికి తగిన ఆధారాలు లేవని, దాన్ని దేశమంతా రుద్దవద్దని జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లో ప్రధానికి సూచించింది. మరోవైపు బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లో రైతుల పొలాల్లో చేసిన పోలికల్లో దిగుబడి తగ్గలేదని తేల్చారు. ఆచ్ఛాదన వల్ల నేల వేడి తగ్గి, తేమ నిలవడం ఒక కారణంగా చూపారు. ఈ రెండూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం కావు. వాన మీద ఆధారపడి, ఎకరాకు పది పన్నెండు బస్తాలు పండే చోట నత్రజని అవసరమే తక్కువ. అక్కడ తేమ, నేల చల్లదనం దిగుబడిని తేలుస్తాయి. కాలువ కింద ముప్పై, నలభై బస్తాలు ఆశించే చోట నత్రజని ఖాతా వెంటనే లోటులో పడుతుంది. ఒక చోటి ఫలితాన్ని ఇంకో చోటికి మోసుకెళ్లడం దగ్గరే గొడవంతా వస్తోంది.

శ్రీలంక ఈ తేడాను పట్టించుకోలేదు. 2021 వేసవిలో గొటబాయ రాజపక్స ప్రభుత్వం రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసింది. విదేశీ మారకం కొరత కూడా అందుకు కారణం. పచ్చిరొట్ట విత్తనాలు లేవు, చాలినంత కంపోస్టు లేదు, రైతులకు శిక్షణ లేదు. కొన్ని నెలలకే వరి, తేయాకు దిగుబడులు పడిపోయాయి. ఏడాది ముగిసేలోపే నిషేధాన్ని సడలించాల్సి వచ్చింది, బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. ఇండోనేషియాదీ ఒక్క ఉత్తర్వే, శ్రీలంకదీ ఒక్క ఉత్తర్వే. మొదటిది చేనుకు అక్కర్లేని దాన్ని తీసేసింది. రెండోది మొక్క తినే కూడును ప్రత్యామ్నాయం లేకుండా లాగేసింది.

సిక్కిం 2003లో నిర్ణయం తీసుకుని 2016లో పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించుకుంది. పదమూడేళ్లు పట్టింది. అదీ మొదటి నుంచే రసాయన ఎరువులు తక్కువగా వాడిన కొండ ప్రాంతం, సాగు భూమి సుమారు 75,000 హెక్టార్లు. ఆంధ్రప్రదేశ్ 2018లో పెట్టుకున్న లక్ష్యం 2024 నాటికి 60 లక్షల మంది రైతులు. కార్యక్రమ నిర్వాహకుల లెక్కల్లో చేరింది సుమారు పది లక్షల మంది, వారిలోనూ చాలామంది భూమిలో కొంత భాగంలోనే ఈ పద్ధతి పాటిస్తున్నారు. లక్ష్యంతో పోలిస్తే ఇది వైఫల్యం. నేల కోలుకునే వేగంతో పోలిస్తే ఆ లక్ష్యమే అవాస్తవం. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

ఇదంతా చూసి యూరియాను ఇప్పుడున్న తీరులోనే వాడుకోవచ్చని అనుకుంటే అదీ పొరపాటే. వరిలో వేసిన నత్రజనిలో మొక్కకు అందేది మూడో వంతు నుంచి నలభై శాతం. మిగతాది అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది, నైట్రేట్‌గా బావుల్లోకి దిగుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. నూరేళ్ల లెక్కలో ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. వృథాకు ధర కూడా ఒక కారణం. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, నత్రజనితో పాటు భాస్వరం ఇచ్చే డీఏపీ బస్తా 1,350. ఎరువులోని పోషకాల మోతాదును బట్టి ఇచ్చే సబ్సిడీ 2010లో వచ్చినప్పుడు యూరియాను అందులోంచి మినహాయించి, దాని ధరను ప్రభుత్వమే తక్కువగా ఉంచింది. అప్పటి నుంచి రైతు చేయి యూరియా వైపే ఎక్కువగా పోతోంది.

నీరు: పక్క బోరుతో ముడిపడిన సంగతి

మందు మానాలా, ఎరువు తగ్గించాలా అన్నది రైతు తన పొలంలో తేల్చుకోవచ్చు. బోరు అలా కాదు. ఒకరు వరి మానేసి మిగిల్చిన నీటిని పక్క బోరు లాగేస్తుంది. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. నీరు తోడటానికి అదనపు ఖర్చేమీ లేనప్పుడు పొదుపు చేసినవాడే నష్టపోతాడు.

పంజాబ్ చట్టంతో దీన్ని అదుపు చేయాలని చూసింది. మండువేసవిలో నాట్లు వేయకూడదని 2009లో చట్టం తెచ్చింది. నీరు కొంత మిగిలింది, కానీ కోతలు అక్టోబరు చివరికి జరిగాయి. గోధుమ విత్తడానికి వ్యవధి లేక గడ్డి తగలబెట్టడం పెరిగింది, గాలి కదలని ఆ రోజుల్లోనే పొగ ఢిల్లీని కమ్మింది. నీటి సమస్య గాలి సమస్యగా మారింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో 2003 తర్వాత నడిచిన రైతు నిర్వహణలో భూగర్భ జలాల పథకం ఇంకో దారి పట్టింది. రైతులే వాన ఎంత పడిందో కొలిచారు, బోర్లలో నీటి మట్టం నమోదు చేశారు, రబీ ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఏ పంట ఎంత వేయొచ్చో లెక్క కట్టారు. ఎవరినీ ఆపలేదు, జరిమానాలూ లేవు. చాలా ఊళ్లలో వరి తగ్గి ఆరుతడి పంటలు పెరిగాయి. అంతవరకు ఎవరికీ కనిపించని నీరు గోడ మీద అంకెగా కనిపించడంతో వచ్చిన మార్పు అది. నిధులు ఆగాక కొలతలు కూడా చాలా చోట్ల ఆగిపోయాయి.

మార్పు ఖర్చు ఎవరిది?

నేల కోలుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుందని అనుకుంటే, ఏడాది కౌలుకు చేసే రైతు ఆ పని ఎందుకు చేస్తాడు? డెల్టాలో కౌలు బస్తాల లెక్కన ముందే ఖాయమై ఉంటుంది. మొదటి ఏడాది నాలుగు బస్తాలు తగ్గినా ఆ నష్టం కౌలుదారుదే, మూడో ఏడాది బాగుపడిన నేల యజమానిది. కౌలు రైతుల గుర్తింపుకు ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చాయి. గుర్తింపు కార్డుల గురించి, రుణాల గురించి రాసిన ఆ చట్టాలతో కౌలు గడువు పెరగలేదు. ప్రకృతి సేద్యం మీద జరిగే సభల్లో ఆవుల గురించి మాట్లాడినంతగా కౌలు గురించి మాట్లాడరు.

కొనుగోళ్లదీ ఇదే కథ. వడ్లకు ఊరి పక్కనే కొనుగోలు కేంద్రం ఉంటుంది. కొర్రలు, జొన్నలు, కందులకు మద్దతు ధర కాగితం మీద ఉన్నా కొనేవారి కోసం వెతుక్కోవాలి. తెలంగాణలో సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ వచ్చాక వరి వైపు మొగ్గు ఇంకా పెరిగింది. నత్రజనిని నేలకు తిరిగి ఇచ్చే పంటలకు బజారు లేకుండా, నత్రజనిని, నీటిని ఎక్కువగా తాగే పంటకు హామీ ఇస్తూ రైతును పర్యావరణం పేరుతో నిలదీయడంలో న్యాయం లేదు.

ముందు ముందు

కేంద్రం 2024 నవంబరులో ప్రకటించిన జాతీయ ప్రకృతి సేద్య మిషన్ లక్ష్యం 7.5 లక్షల హెక్టార్లు. దేశంలో నికర సాగు భూమి సుమారు 14 కోట్ల హెక్టార్లు కాబట్టి ఇది అర శాతం పైచిలుకు. కాబట్టి మిషన్ పూర్తిగా విజయవంతమైనా వచ్చే కొన్నేళ్లలో యూరియా గిరాకీ చెప్పుకోదగినంత తగ్గదు, సీజన్‌లో కొరత వస్తే సొసైటీల ముందు బారులూ తప్పవు. ప్రకృతి సేద్యం ముందుగా నిలదొక్కుకునే అవకాశం రాయలసీమ, పాలమూరు లాంటి మెట్ట ప్రాంతాల్లో ఎక్కువ. కాలువ కింద వరిలో యూరియాను పూర్తిగా మానేయడం కంటే, వేసవి పచ్చిరొట్టతో ఒక బస్తా తగ్గించడం త్వరగా జరిగే పని.

రసాయన ఎరువుల వాడకం తగ్గించిన రాష్ట్రాలకు, దానివల్ల ఆదా అయిన సబ్సిడీలో సగం గ్రాంటుగా ఇస్తామని 2023లో ఆమోదించిన పీఎం ప్రణామ్ పథకంలో కేంద్రం చెప్పింది. ఆ గ్రాంటు రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. బస్తా తగ్గించి దిగుబడి రిస్కు నెత్తిన వేసుకునే రైతుకు మొదటి మూడేళ్లు నష్టాన్ని పూడ్చే ఏర్పాటు ఇంతవరకు ఏ పెద్ద పథకంలోనూ ప్రధాన భాగం కాలేదు.